విమానానికీ మీ నాన్నగారికీ మధ్య సముద్రం ఉండకూడదు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: అమ్మానాన్నలు సంక్రాంతి కాగానే తిరుపతి నుంచి అండమాన్ దీవుల్లో, పోర్ట్ బ్లెయిర్‌లో ఉద్యోగం చేస్తున్న తమ్ముడి దగ్గరికి వెళ్ళారు. మార్చి మొదటి వారంలో చెన్నై మీదుగా తిరిగొస్తారు. ఐదింటికే చీకటి పడుతోందని, నీళ్ళు రోజూ రావని, పొద్దు పోవడం లేదని అమ్మ ఫోన్లో ఒకటే గొడవ. నాన్నేమో చివరి రెండు రోజులు హేవ్‌లాక్ దీవికి వెళ్ళి, స్కూబా (సిలిండర్ గాలి పీలుస్తూ నీళ్ళ అడుగున ఈదడం) కూడా చేసి, రాత్రికి తిరిగొచ్చి మర్నాడు పొద్దున్నే విమానం ఎక్కుతానంటున్నారు. దేనికి సరే అనాలి, దేనికి వద్దనాలి, వచ్చేటప్పుడు ఏం తెచ్చుకోవచ్చు?

మా ఇంటాయన ఉద్యోగం అక్కడ కావడంతో నేను చాలా ఏళ్ళు పోర్ట్ బ్లెయిర్‌లోనే కాపురం చేశాను. ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నాను. ఇక్కడి నుంచి వచ్చిపోయే పెద్దవాళ్ళను దగ్గరగా చూశాను కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను.

ముందు మీ నాన్నగారి సంగతి. మిగతావన్నీ సర్దుకుపోయేవే, ఇది మాత్రం ప్రాణానికి సంబంధించింది. స్కూబా చేసిన మర్నాడు పొద్దున్నే విమానం ఎక్కడం మానుకోవాలి. నీళ్ళ అడుగున, ఆ ఒత్తిడిలో సిలిండర్ గాలి పీల్చినప్పుడు అందులోని నైట్రోజన్ మామూలు కంటే ఎక్కువగా ఒంట్లో కరుగుతుంది. పైకొచ్చాక అది ఊపిరితో పాటు మెల్లగా బయటికి పోవాలి, దానికి గంటలు పడుతుంది. ఈలోగా విమానం ఎక్కామనుకోండి, క్యాబిన్‌లో గాలి ఒత్తిడి సుమారు 2,000 మీటర్ల ఎత్తున ఉన్నంతగా తగ్గిపోతుంది. అంటే మన తిరుమల కొండకు రెండింతల పైనే. అప్పుడు ఒంట్లో మిగిలిన నైట్రోజన్ బుడగలు కడుతుంది. కీళ్ళ నొప్పులతో మొదలై నరాల దాకా పోవచ్చు. డైవింగ్ వాళ్ళు పాటించే లెక్క ప్రకారం ఒక్కసారి దిగితే కనీసం 12 గంటలు, ఒకటికి మించి దిగితే కనీసం 18 గంటలు ఆగాలి. పెద్దవాళ్ళు కాబట్టి నేనైతే నిండు రోజు, అంటే 24 గంటలు ఆగమంటాను. తలకు హెల్మెట్ పెట్టి సముద్రం అడుగున నడిపించే సీ-వాక్ కూడా పైనుంచి పంపించే గాలితోనే కాబట్టి దానికీ ఇదే పాటించండి. ముఖానికి అద్దం, నోటికి గొట్టం పెట్టుకుని ఈదే స్నార్కెలింగ్‌కు మాత్రం ఈ బెడద లేదు, నీటి పైనే ఉంటారు కదా.

ఇంకో మాట. డైవింగ్‌కు ముందు ఒక ఫారం ఇస్తారు. బీపీ, గుండె, ఆస్తమా, చెవి ఆపరేషన్, ఇలా అన్నీ అడుగుతారు. మన మగవాళ్ళకు ఆ కాగితం చూడగానే అన్నిటికీ ‘లేదు’ అని టిక్ పెట్టి సంతకం చేసేయడం అలవాటు. నాన్నగారు రోజూ బీపీ మాత్ర వేసుకుంటూ ఉంటే ఆ మాట దాచొద్దని మీరే గట్టిగా చెప్పండి. డాక్టరు సరే అన్నాకే నీళ్ళలో దిగాలి. కాదంటే పగడాలు చూడడానికి వేరే దారి ఉంది. వండూరు నుంచి పడవలో జాలీబాయ్ దీవికి తీసుకెళ్తారు. అది మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్కులో భాగం, నవంబరు నుంచి మే దాకా తెరిచి ఉంటుంది. అడుగున అద్దం బిగించిన పడవలో కూర్చుని, చీర కుచ్చిళ్ళు కూడా తడవకుండా మీ అమ్మగారు కూడా పగడాలు చూడొచ్చు. ఆ దీవిలోకి ప్లాస్టిక్ సీసాలు, కవర్లు రానివ్వరు, పులిహోర కట్టుకుని వెళ్ళేవాళ్ళు స్టీలు డబ్బాలో పెట్టుకోండి.

ఇక హేవ్‌లాక్. దానికి ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ అని పేరు, టికెట్ మీద ఏ పేరున్నా కంగారు పడక్కర్లేదు. తప్పకుండా వెళ్ళమనండి, రాధానగర్ బీచ్ చూడకుండా రావడం అన్యాయం. కానీ చివరి రెండు రోజుల్లో మాత్రం వద్దు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా అక్కడి సముద్రం నెమ్మదిగానే ఉంటుంది, ప్రైవేటు బోటులో గంటన్నర, రెండు గంటల్లో వెళ్ళిపోతారు. అయినా గాలి పెరిగిందనో, ఇంజిన్ బాగాలేదనో బోటు ఆగిపోయే రోజులు ఉంటాయి. ఆగిందంటే రోడ్డు మీద ఇంకో బస్సు చూసుకుని పోవడానికి లేదు. మిగిలిన బోట్లన్నీ అప్పటికే నిండి ఉంటాయి. విమానమేమో ఆగదు. అందుకే మా వీధిలో అందరం పాటించిన పద్ధతి ఒకటే, వెళ్ళేముందు రెండు రాత్రులు పోర్ట్ బ్లెయిర్‌లోనే పడుకోవాలి. బారాటాంగ్ దీవి ప్రయాణం కూడా ఆ రెండు రోజుల్లో పెట్టుకోకూడదు. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర వాహనాలన్నీ కాన్వాయ్‌గా కదలాలి, దాన్ని అందుకోవడానికి తెల్లవారుజామున మూడింటికే లేవాలి, తిరిగొచ్చేసరికి ఒళ్ళు హూనమవుతుంది. ఆ దారి జారవా ఆదివాసుల రిజర్వు గుండా పోతుంది. అక్కడ ఫోటోలు తీసినా, బండి ఆపినా, తినడానికి ఏమైనా ఇచ్చినా నేరం. నాన్నగారి చేతిలో ఫోన్ ఉంటుంది కాబట్టి ఈ సంగతి ముందే చెప్పి పంపించండి.

మరి చివరి రెండు రోజులూ ఇంట్లో కూర్చోవాలా అని అడుగుతారేమో. అక్కర్లేదు. సెల్యులర్ జైలు ఊళ్ళోనే ఉంది. 1906లో కట్టడం పూర్తయినప్పుడు ఏడు రెక్కలు, ఇప్పుడు మిగిలింది మూడు. సాయంత్రం సౌండ్ అండ్ లైట్ షో కూడా ఉంటుంది. ఎదురుగా రాస్ ఐలాండ్, అంటే నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్, బోటులో పావుగంట. బ్రిటిష్ వాళ్ళ పాత భవనాలను మర్రి ఊడలు ఎలా చుట్టేశాయో అక్కడ చూడాలి. జింకలు మనుషుల దగ్గరికి వచ్చేస్తాయి, చేతిసంచిలో అరటిపండు ఉంటే జాగ్రత్త.

ఇప్పుడు మీ అమ్మగారి విషయం. నాకు అసలు ముఖ్యం ఇదే. నాన్నగారు ఎలాగూ నాలుగు చోట్లు తిరిగి ఫోటోలు తీసుకుంటారు. ఊళ్ళో కాపురం ఎలా గడుస్తోందన్నది ఆమె బాధ. అక్కడ గడియారం మనదే కానీ సూర్యుడు మనకంటే చాలా ముందుంటాడు. మార్చి మొదటి వారంలో తిరుపతిలో సుమారు ఆరున్నరకు తెల్లారితే, అక్కడ ఐదున్నరకే సూర్యోదయం. సాయంత్రం కూడా అంతే, ఐదున్నరకు సూర్యుడు మునిగిపోతాడు. జనవరిలో అయితే ఐదుంపావుకే. మన తిరుపతి అలవాటు ప్రకారం ఆరింటికి లేచి, ఒంటిగంటకు భోంచేసి, నాలుగున్నరకు కాఫీ తాగి, ఐదున్నరకు వాకింగ్‌కు బయల్దేరితే ఏముంది, చీకటే. అందుకే ఆమెకు పొద్దు పోనట్టు అనిపిస్తోంది. చేయాల్సింది రోజు మొత్తాన్ని గంట నుంచి రెండు గంటల దాకా ముందుకు జరపడం. ఐదింటికి లేవడం, పదకొండున్నరకు భోజనం, మూడింటికి కాఫీ, మూడున్నరకు బయటికి. రాత్రి తొమ్మిదికి నిద్ర. వారంలో ఒంటికి పట్టేస్తుంది. ఎలాగూ సుప్రభాతం వేళకు లేచే అలవాటున్న మనిషైతే ఇంకా సులువు.

నడకకు ఆ ఊరు మోకాళ్ళ నొప్పులవాళ్ళకు అంత మంచిది కాదు. ప్రతి వీధీ ఒక ఎక్కో దిగుడో. చదునుగా ఉండేది మెరీనా పార్క్ వైపు, అబర్డీన్ బజారు కిందుగా సముద్రం ఒడ్డున. మీ తమ్ముడు ఆఫీసుకు పోతూ వాళ్ళను అక్కడ దింపేసినా చాలు, ఎండ ముదిరేలోపు ఆటోలో ఇంటికి వచ్చేస్తారు. ఆటోవాళ్ళతో ఎక్కకముందే రేటు మాట్లాడుకోవాలి. కార్బిన్స్ కోవ్, వండూరు లాంటి చోట్ల మొసళ్ళున్నాయని బోర్డులు పెట్టి ఉంటాయి. అవి ఉప్పునీటి మొసళ్ళు, నిజంగానే ఉన్నాయి. వల కట్టిన చోట తప్ప ఎక్కడా దిగకూడదు. బీచ్‌లో ఉన్నప్పుడు భూమి గట్టిగా కదిలితే సామాన్లు ఏరుకోకుండా ఎత్తుకు నడవాలి. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత అక్కడ ఈ మాట ఎవరూ తేలిగ్గా తీసుకోరు.

నీళ్ళ సంగతికొస్తే, ఆమె అంటున్నదాంట్లో అబద్ధమేమీ లేదు. సంవత్సరానికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడే ఊళ్ళో నీళ్ళ కరువేంటని మనకు నవ్వొస్తుంది. వాన అంతా మే నుంచి డిసెంబరు దాకానే. జనవరి నుంచి ఏప్రిల్ వరకు చినుకు అరుదు. ఊరికి ముఖ్యంగా నీళ్ళిచ్చేది ధనికారి డ్యామ్, ఎండలు పెరిగేకొద్దీ అందులో మట్టం తగ్గుతూ పోతుంది. అందుకే కుళాయి రోజు విడిచి రోజు, మూడో రోజు, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా వస్తుంది. నీళ్ళొచ్చే పూట ఇల్లంతా ఎలా ఉంటుందంటే, ముందు కుళాయిలోంచి బుస్సుమని గాలి వస్తుంది. పక్కింటావిడ గోడ మీంచి ‘ఆగయా, పానీ ఆగయా’ అని కేకేస్తుంది. మొదటి బకెట్ కాస్త ఎర్రగా ఉంటుంది, అది మొక్కలకు. తర్వాత తాగే నీళ్ళ బిందెలు, ఆ తర్వాత వంటింటి డ్రమ్ము, చివర్న మోటారు వేసి పైన సింటెక్స్‌కు ఎక్కించాలి. ఈ వరస తప్పి ముందే మోటారు వేస్తే బిందెలకు ధార రాదు, ఇంట్లో యుద్ధమే. మీ అమ్మగారికి ఈ వరస చెప్పి ఆ పని ఆమె చేతుల్లోనే పెట్టమనండి. పెద్దవాళ్ళకు కొడుకు ఇంట్లో ఊరికే కూర్చోవడం కంటే పెద్ద కష్టం లేదు. నీళ్ళ పూట పెత్తనం ఆమె చేతికొచ్చిందంటే పొద్దుపోవడం లేదన్న మాట సగం తగ్గిపోతుంది.

మిగతా సగం మనుషులు. 2011 జనగణన నాటికి ఆ దీవులన్నిటిలో కలిపి జనాభా 3.8 లక్షలు. అందులో సుమారు 13 శాతం తెలుగువాళ్ళే. ఎక్కువమంది శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు. తెలుగు మీడియం బడి కూడా ఉంది. బజార్లో నడిచేది హిందీ. కానీ జంగ్లీఘాట్ చేపల మార్కెట్టుకు వెళ్తే తెలుగులోనే బేరమాడుకోవచ్చు. వాళ్ళది ఉత్తరాంధ్ర యాస, మనది చిత్తూరు యాస, మొదట్లో ఒకరిదొకరికి అందక నవ్వుకుంటారు, రెండో వారానికి వరసలు కలుపుకుంటారు. శాకాహారులైనా సరే, ఊరికే అటు వెళ్ళి నాలుగు మాటలు మాట్లాడి రమ్మనండి. చేపలు తినేవాళ్ళైతే వంజరం, సూర అక్కడ దొరికినంత తాజాగా మన తిరుపతిలో దొరకవు.

వంటింటి విషయంలో ఒకటి గుర్తుంచుకోవాలి. కొబ్బరికాయ, అరటి, వంకాయ, కాకర లాంటివి అక్కడే పండుతాయి. ఎర్రగడ్డలు, ఉర్లగడ్డలు, పప్పులు, చాలావరకు టమోటాలు ఓడలో రావాలి. చెన్నై నుంచి అయినా కలకత్తా నుంచి అయినా ఓడకు మూడు రోజులు అటూ ఇటూ పడుతుంది. ఓడ ఆలస్యమైతే రేటు పెరుగుతుంది. మదనపల్లె టమోటా తిని పెరిగినవాళ్ళకు ఆ రేటు వింటే గుండె ఆగినంత పనవుతుంది, బేరం వల్ల ఉపయోగం లేదు. పితికిపప్పు (నానబెట్టి తొక్క పితికిన అనపగింజలు) కోసం మాత్రం నేను కూడా ఆ ఊళ్ళో ప్రతి జనవరిలో మొహం వాచిపోయేదాన్ని. అనపకాయల కాలం మన దగ్గర నడుస్తుంటే మనం సముద్రం మధ్యలో కూర్చోవడం కన్నా బాధ లేదు, మీ అమ్మగారి చిరాకులో అది కూడా కొంచెం ఉందేమో అడిగి చూడండి. ఊర్నించి ఎవరైనా వస్తుంటే ఒలిచిన అనపగింజలు పంపించొచ్చు. రాగిపిండి, పొడులు, బెల్లం మాత్రం గాలి చొరబడని డబ్బాలో పెట్టుకోవాలి, సముద్రపు తేమకు పొడులు ముద్దకడతాయి, కత్తెర్లు, తాళాలు తుప్పు పడతాయి.

మందులు చూసుకోండి. రోజూ వేసుకునే మాత్రలు విమానం తేదీకి ఇంకో రెండు వారాలు ఎక్కువే ఉండాలి. మందుల షాపులున్నాయి, జీబీ పంత్ ఆస్పత్రి ఉంది. కానీ మీ డాక్టరు రాసిన కంపెనీ మాత్రే దొరుకుతుందని నమ్మకం లేదు.

తెచ్చుకునే వస్తువుల గురించి. బీచ్‌లో ఏరిన పగడపు ముక్క, చచ్చిపోయి తెల్లబడినదైనా సరే, తీసుకురాకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పగడాలకు రక్షణ ఉంది. ఎయిర్‌పోర్టులో స్కానర్ దగ్గర కూర్చునేవాళ్ళ కన్ను దీనికి బాగా అలవాటు పడిపోయింది. ఒకసారి మా ముందున్న కుటుంబంలో పిల్లాడి పెన్సిళ్ళ డబ్బాలోంచి వేలెడంత ముక్క తీయించారు. వాడు ఏడుపు, తల్లి తిట్లు, వెనకాల లైను. శంఖాలు, గవ్వలు ఇంట్లో పూజకు కావాలంటే ఏరుకోవడం మాని, షాపులో కొని బిల్లు తీసుకోవాలి. కొన్ని జాతుల శంఖాలు కొనడం కూడా తప్పే, కాబట్టి ప్రభుత్వ ఎంపోరియం సాగరికలో కొనడం మేలు. పడౌక్ చెక్కతో చేసిన చిన్న వస్తువులు కూడా అక్కడ దొరుకుతాయి, ఆ బిల్లు కూడా చేతిసంచిలోనే ఉంచుకోండి. బంధువులకు ఇవ్వడానికి మిరియాలు, లవంగాలు, దాల్చినచెక్క నయం. బరువు ఉండదు, ఎవరూ ఆపరు.

కొబ్బరి దగ్గర మనవాళ్ళు పొరపడతారు. ఎండుకొబ్బరి గిన్నెలు విమానంలో ఒప్పుకోరు. అది నూనె వస్తువు, దానంతట అదే వేడెక్కి అంటుకునే వాటిలో లెక్క. చవగ్గా దొరుకుతోంది కదా అని అమ్మగారు మూట కట్టకముందే చెప్పండి. పచ్చళ్ళు, నూనె సీసాలు చేతిసంచిలో వద్దు, గట్టిగా మూత బిగించి పెద్ద పెట్టెలో పెట్టండి. పవర్ బ్యాంక్ దీనికి తిరగేత, అది చేతిసంచిలోనే ఉండాలి. పెద్ద పెట్టెకు మామూలు టికెట్ మీద 15 కిలోలు, చేతిసంచికి 7 కిలోలు. ఇంటి దగ్గరే తూచుకుంటే కౌంటర్ ముందు పెట్టె విప్పి చీరలు సర్దే అవస్థ ఉండదు. అమ్మగారికి మోకాళ్ళ నొప్పి ఉంటే వీల్‌చెయిర్ కావాలని విమానం వాళ్ళకు రెండు రోజుల ముందే చెప్పండి. మొహమాటపడకండి, చెన్నైలో నడక చాలా ఉంటుంది.

విమానం పొద్దుటి పూటదే ఉంచుకోండి. ఆ ఎయిర్‌పోర్టు నేవీ రన్‌వే మీద నడుస్తుంది, చుట్టూ కొండలు, మధ్యాహ్నం గాలి మారితే ఇబ్బంది. అందుకే విమానాలు ఎక్కువగా పొద్దుటి నుంచి మధ్యాహ్నం లోపే ఉంటాయి. 2023 జులైలో తెరిచిన కొత్త టెర్మినల్ శంఖం ఆకారంలో బాగుంటుంది. లోపల కూర్చుని ఫోటోలు తీసుకోండి కానీ రన్‌వే వైపు ఫోన్ ఎత్తొద్దు. 2024 సెప్టెంబరులో ఊరికి శ్రీవిజయపురం అని పేరు మార్చారు. టికెట్ బుక్ చేసేటప్పుడు ఆ పేరు కనిపిస్తే అది వేరే ఊరు కాదు.

రెండుంపావు గంటల్లో చెన్నై. అక్కడి నుంచి తిరుపతికి మూడు దారులున్నాయి. ఎయిర్‌పోర్టు నుంచి మెట్రోలో నేరుగా సెంట్రల్ స్టేషన్‌కు వచ్చి రైలు ఎక్కొచ్చు, సాయంత్రం గరుడాద్రి ఉంది. ఆంధ్రా బస్సులు మాధవరం నుంచి బయల్దేరతాయి, ఎయిర్‌పోర్టుకు అది ఊరికి ఆ చివర. సామానుతో ఇద్దరు పెద్దవాళ్ళు కాబట్టి నేనైతే తిరుపతి నుంచే తెలిసిన డ్రైవరుతో కారు పంపిస్తాను. తిరుత్తణి, నగరి, పుత్తూరు మీదుగా మూడున్నర, నాలుగు గంటలు. డ్రైవరుకు విమానం నంబరు ఇవ్వండి, దిగే టైము మాత్రం చెప్పొద్దు, ఆలస్యమైతే ఫోన్ల మీద ఫోన్లు చేసి కంగారు పెడతాడు. కారులో రెండు లీటర్ల మంచినీళ్ళు, మజ్జిగ పెట్టించండి. దీవిలో ఎండాకాలమైనా, చలికాలమైనా 23 నుంచి 31 డిగ్రీల మధ్యే, చెమట పడుతుంది కానీ మంట ఉండదు. ఇక్కడ శివరాత్రి దాటిందంటే ఎండ ముదురుతుంది, రెండు నెలలు సముద్రపు గాలికి అలవాటైన ఒంటికి మొదటి వారం తల తిరిగినట్టుంటుంది. వచ్చిన మర్నాడే తిరుమలకు కాలినడకన వెళ్తామని మొక్కు ఉంటే అది ఉగాది దాకా వాయిదా వేయించండి.